బఠాణీ కోసం దుబాసీ

దుబాసమ్మ ఇంకా రైల్లోనే ఉందట, రైలేమో ఎక్కడో పొలాల మధ్య ఆగిపోయిందట. లాయరమ్మ ఫోను చెవి దగ్గర్నుంచి తీసి, అరచేత్తో రైలు పోతూ పోతూ ఆగినట్టు చూపించి, పెదవి విరిచి, మళ్ళీ ఫోను చెవికి ఆనించుకుని కోర్టు నడవా ఆ చివరికి వెళ్ళిపోయింది. అర్థం కాకేం, పెద్దమ్మకి అంతా అర్థమైపోయింది. భాష రానివాళ్ళకి మొహాలు చదవడం దానంతటదే వచ్చేస్తుంది, ఎదుటి గోడ మీది గడియారం మొహం కూడా చదివేసింది ఆవిడ, అదేమీ నవ్వడం లేదు. అసలు ఈవిడ పేరు పెద్దమ్మ కాదు. బఠాణీకి పెద్దమ్మ, అంతే. ఆ పిల్ల రోజుకి వెయ్యిసార్లు పిలిచి పిలిచి, ఇప్పుడు హోటలు లాండ్రీలో పక్క మిషను వాళ్ళూ, ఇంటి కింద రొట్టెల కొట్టాయనా, ఆఖరికి కట్టుకున్న మొగుడు కూడా పెద్దమ్మా అనే పిలుస్తున్నారు. ఇవాళ తేలాల్సింది ఆ బఠాణీ సంగతే. తండ్రనేవాడు పిల్ల పుట్టకముందే గాలికి పోయాడు, తల్లి, అంటే పెద్దమ్మ చెల్లెలు, ఆస్పత్రిలో పోయింది, పిల్లని పిల్లల ఆఫీసువాళ్ళు తీసుకెళ్ళి తమ హాస్టల్లో పెట్టారు. జడ్జిగారు ఊఁ అంటే బఠాణీ పెద్దమ్మ ఇంటికి, ఊహూఁ అంటే ఇంకో ఊళ్ళో పరాయి పిల్లల్ని పెంచిపెట్టే దంపతులింటికి. ఊఁ అన్నా ఊహూఁ అన్నా ముందు ఒకరి మాట ఒకరికి చేరాలి కదా. జడ్జిగారిది జర్మన్, పెద్దమ్మది తెలుగు, రెంటికీ మధ్య హిందీ అనే వంతెన, ఆ వంతెన మీద నడవాల్సిన మనిషి పొలాల మధ్య రైల్లో. ఆవిడ రాలేదా, కేసు ఎండాకాలం సెలవులు దాటాకే. ఈలోగా పిల్ల ఆ ఊరు పోతుంది, అక్కడి బళ్ళో చేరుతుంది, ఎవరితోనో స్నేహం కడుతుంది, కుదురుకున్న పిల్లని మళ్ళీ కదపడం ఎందుకమ్మా అంటారు, వాళ్ళన్నదీ న్యాయంగానే వినిపిస్తుంది.

"వస్తుందంటావా?" అంది పక్కన కూర్చున్న పెదనాన్నతో.

"వస్తుంది."

"రాకపోతే?"

"రైలెక్కిన మనిషి ఎక్కడికి పోతుంది, దిగాలి కదా."

ఇంతే ఈయన. గోదాములో సామాన్ల బండి నడిపీ నడిపీ మాటలు కూడా బరువు చూసుకుని ఎత్తుతాడు. ఈయన నోట్లో దాచుకున్న మాటలన్నీ తనే ఆడేస్తోందేమో పెళ్ళయిన దగ్గర్నుంచీ, లేకపోతే ఒక్క మనిషికి ఇన్ని మాటలెక్కడివి. మొన్నటికి మొన్న వాయిదా పాడయిందీ ఆ నోటితోనే. తెలుగు దుబాసీ దొరికాడండీ అప్పుడు, బంగారు ఫ్రేము కళ్ళద్దాలు, నున్నగా దువ్విన తల, ఈ చుట్టుపక్కల కోర్టులన్నిటికీ ప్రమాణం చేసిన తెలుగాయన ఆయనొక్కడే. ఎన్నాళ్ళకి తెలుగు మాట చెవిన పడిందీ, ప్రాణం లేచొచ్చింది. కుర్చీలో సర్దుకునేలోగా ఇంటిపేరు అడిగింది, మంచినీళ్ళు తాగేలోగా వాళ్ళమ్మగారి పుట్టిల్లు అడిగింది, జడ్జిగారు కాగితాలు సర్దుకునేలోగా ఆయన మేనమామ తోడల్లుడికీ తన అమ్మమ్మ పుట్టింటికీ పెళ్ళి సంబంధం ఉన్నట్టు తేల్చేసింది. "అయితే నువ్వు నాకు బాబాయివి కదయ్యా!" అని తొడ మీద చరుచుకుని నవ్వింది. ఆయనా నవ్వాడు పాపం. జడ్జిగారు కళ్ళద్దాల మీదుగా చూసి ఏమిటా నవ్వు అన్నాడు. ఆయన ప్రమాణం చేసినవాడు, అబద్ధం ఆడకూడదు, అన్నమాట అన్నట్టు జర్మన్‌లో చెప్పాడు. బంధువులా అన్నాడు జడ్జిగారు. కాదండీ, మావాళ్ళలో వరస కలుపుకోవడం అంటారు అన్నాడాయన. వరస అంటే ఏంటన్నాడు జడ్జిగారు. అక్కడ పడిపోయాడండీ బాబాయి ఊబిలో! మేనమామ, తోడల్లుడు, అమ్మమ్మ, ఆడపడుచు, విప్పి చెప్తున్నకొద్దీ చుట్టరికం దగ్గరవుతోందే తప్ప దూరం కావడం లేదు. కంగారులో తనేమో, అవునండీ సొంత బాబాయి కిందే లెక్క అని సాక్ష్యం కూడా చెప్పింది. ఇంకేముంది, చుట్టాలు దుబాసీగా పనికిరారు, ఆయన సంచీ సర్దుకుని లేచాడు, వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి "ఆరోగ్యం జాగ్రత్తమ్మా" అన్నాడు, అదింకా చుట్టరికంలా వినిపించింది జడ్జిగారికి. పెదనాన్న బయటికొచ్చాడు. బస్సెక్కి దిగి, మెట్లెక్కి, చెప్పులు విడిచాక, "ఊళ్ళో ఇంకెవరైనా చుట్టాలున్నారా?" అన్నాడు. అంతే అన్నాడు. దానికన్నా రెండు తగిలిస్తే బాగుండేది.

అప్పుడు లాయరమ్మ అడిగింది, పెదనాన్నకొచ్చిన గోదాము జర్మన్‌లో, ఇంకే భాష వచ్చు మీ ఆవిడకి అని. "హిందీ అని చెప్పు, నీళ్ళలా వచ్చని చెప్పు" అంది తను. చెప్పాక గానీ గుర్తురాలేదు. నీళ్ళలాగే వచ్చు, కానీ అవి లాండ్రీ నీళ్ళు. అటు దుప్పట్లు పిండే మిషన్లు, ఇటు ఆరబెట్టే మిషన్లు, మధ్యలో హిందీవాళ్ళు నలుగురు, ఆ మోతలో మాటంటే అరుపే. ఎత్తు, దించు, మడత పెట్టు, చెయ్యి తియ్యి కాలుద్ది, సూపర్వైజరొస్తున్నాడు నోరు ముయ్యి, నీ మిషను తగలెయ్య. ఆ హిందీతోనే ఎన్ని కథలు చెప్పింది వాళ్ళకి! మా హోటలు దుప్పట్లన్నీ కలిపి కుడితే ఈ ఊరంతా కప్పేసి, ఆ కొసలు పక్క ఊరి పరుపు కింద దోపొచ్చు అంది. ఒకసారి డ్రయ్యరు తెరిస్తే లోపల ఆవిరికి చిన్న మబ్బు పట్టి, తన చెప్పుల మీద వాన కురిసిందంది. నలుగురూ నమ్మారు, నమ్మకేం చేస్తారు, అంత గట్టిగా అరిచి చెప్తే. కానీ మెల్లగా ఎప్పుడు మాట్లాడింది హిందీ? పొద్దున స్నానం చేస్తూ ప్రయత్నించి చూసింది. గొంతు తగ్గించగానే మాటలు ఎటో పోతున్నాయి, గొంతు పెంచగానే పరిగెత్తుకొస్తున్నాయి. పెదనాన్న తలుపు తట్టి "ఎవరితోనే పోట్లాట?" అన్నాడు. జడ్జిగారితో అంది. ఓహో, కానీ, అన్నాడు.

ఇక ఆ హిందీ దుబాసీ కోసం లాయరమ్మ తొక్కని గడప లేదు. ఒకాయనకి హిందీ వచ్చు, జర్మన్ వచ్చు, కానీ కాగితాలే తర్జుమా చేస్తాడట, మనుషులు ఎదురుగా ఉంటే చెమటలు పడతాయట. ఒకమ్మాయి చక్కగా మాట్లాడుతుంది కానీ కోర్టులో ప్రమాణం చేసినది కాదు, ఆస్పత్రులకే వెళ్తుందట. ఆస్పత్రులకి వెళ్ళేవాళ్ళు కూడా ఉంటారా. ఆ మాట విన్నప్పుడు పెద్దమ్మ చేతిలో ఉన్న దిండు గలేబు కాసేపు మడత పడలేదు. ఉంటారా అలాంటివాళ్ళు. మరి మాకెవరూ చెప్పలేదే. సరే, అదంతా ఇప్పుడెందుకు, కిటికీలోంచి ఎండ నేల మీద పడి ఎంత బాగుందీ, తుడిచే ఆవిడ నేలని అద్దంలా తుడిచింది, అందులో పెదనాన్న బూట్లు తలకిందులుగా కనిపిస్తున్నాయి. మంచి పనిమంతురాలు. ఆస్పత్రి నేల కూడా ఇలాగే మెరిసేది.

బఠాణీ ఉంటే ఇన్ని తిప్పలుండేవా. ఇంట్లో బఠాణీయే కదా దుబాసీ. నాలుగేళ్ళప్పుడే మొదలెట్టింది, బస్సులో టిక్కెట్లాయనకి ఇది చెప్పు, కొట్లో ఆవిడకి అది చెప్పు అంటే, కాళ్ళ మునివేళ్ళ మీద నించుని, బల్ల అంచు పట్టుకుని, టకటకా చెప్పేసేది. డాక్టరు దగ్గర, "నా నడుం ఎండుకట్టెలా చీలిపోయిందని చెప్పవే, రాత్రయితే అందులో వంద దయ్యాలు గంతులేస్తున్నాయని చెప్పు, మా శత్రువులకి కూడా వద్దీ బాధ అని చెప్పు" అంటే, ఆ పిల్ల డాక్టరు వైపు తిరిగి పొడిగా రెండు ముక్కలంది. "అదేంటే, అంతా చెప్పావా?" "చెప్పా పెద్దమ్మా, నడుం నొప్పి అని." "మరి దయ్యాలో?" "దయ్యాలకి మందు లేదంట, నొప్పికే ఇస్తారంట." వీధి వీధంతా చెప్పుకు మురిసింది పెద్దమ్మ ఆ మాట, మా బఠాణీ ముందు పెద్ద పెద్ద లాయర్లు దిగదుడుపే అని. ఇంటి ఓనరుతో మాట్లాడితే బఠాణీయే, కరెంటాఫీసులో ఫోనెత్తితే బఠాణీయే, బళ్ళో మేష్టరు బఠాణీ అల్లరి మీద ఫిర్యాదు చేస్తే, ఆ ఫిర్యాదుని ఇంట్లో వాళ్ళకి మార్చి చెప్పిందీ బఠాణీయే, అందులో అల్లరి ఎక్కడా రాలేదు చూడండి! ఎంత నవ్వింది చెల్లెలు. ఆ తర్వాత చెల్లెలు మంచాన పడింది, ఆస్పత్రి, తెల్ల గోడలు, మెరిసే నేల, తెల్ల కోటు డాక్టరమ్మ బయటికొచ్చి, కుర్చీ ముందుకు లాక్కుని, పెద్దమ్మ మొహంలోకి చూస్తూ మెల్లగా చాలాసేపు మాట్లాడి, మాట్లాడి, ఆగి, బఠాణీ వైపు తిరిగింది, చెప్పమన్నట్టు. బఠాణీ ఎర్ర కోటు వేసుకునుంది. కోటు గుండీ తిప్పుతూ తిప్పుతూ, "అమ్మ బాగా నిద్రపోతోందంట పెద్దమ్మా, లేపొద్దంట" అంది. అంతసేపు మాట్లాడిన మాటలకి అంతే. భాష రాని మనిషి మొహాలు చదువుతుంది. చదివేసింది. చదివి కూడా, సరేనమ్మా, లేపను, అంది.

లాయరమ్మ నడవా చివర్నుంచి ఒక్కసారి చెయ్యెత్తింది. మెట్ల మీద ధనధనా అడుగులు, పొడుగాటి మనిషి ఒకావిడ, పొట్టి తెల్ల జుట్టు, బూట్లకి మోకాలి దాకా బురద. రైలు కదిలేలా లేదని అక్కడే దిగి, కాలవ గట్టు దాటి రోడ్డెక్కి, ఎవరిదో ట్రాక్టరెక్కి వచ్చిందట. నిజంగా! పెద్దమ్మ చెప్పే కథల్లో కూడా ఎవరూ అంత కష్టపడి ఎక్కడికీ రాలేదు. ఆవిడ ఊపిరి పీల్చుకుని, నమస్కారం పెట్టి, హిందీ మాట్లాడింది. ఆ హిందీ వింటే పెద్దమ్మకి లేచి నిలబడాలనిపించింది, కొత్త దుప్పటిలా ఉంది, ఒక్క ముడత లేదు, చివరలు చివరలకి సరిగ్గా కలిశాయి. తెల్ల దొరసాని నోట్లో ఇంత శుభ్రమైన హిందీ ఎక్కడిదమ్మా అందామని నోటిదాకా వచ్చింది, నాన్నగారెవరు, ఎక్కడ పెరిగారు, ఎవరింట్లో నేర్చుకున్నారు, నాలుక కొరుక్కుంది. పెదనాన్న ఇటే చూస్తున్నాడు. జన్మలో మొదటిసారి కొత్త మనిషిని ఏమీ అడక్కుండా ఊరుకుంది, కడుపు ఉబ్బిపోయింది.

"రెండు మాటలు ముందే చెప్తాను" అంది దుబాసమ్మ. "మీరు నన్ను చూసి మాట్లాడకండి, జడ్జిగారిని చూసి మాట్లాడండి. నేను లోపల 'నేను' అంటే, అది నేను కాదు. మీ మాట చెప్తున్నప్పుడు ఆ నేను మీరు, ఆయన మాట చెప్తున్నప్పుడు ఆ నేను ఆయన."

"మరి మీరో?"

"నేను ఉండను."

"అయ్యో, ఇంత బురదలో వచ్చి!" అంది పెద్దమ్మ, నడవా అదిరేలాగా. లాండ్రీ హిందీ కదా. గుమస్తా తల బయటికి పెట్టి చూశాడు. దుబాసమ్మ మాత్రం నవ్వింది, ఇంకా చెప్పింది, మీరు ఏదంటే అదే నేనంటాను, ఒకటి కలపను, ఒకటి తీసెయ్యను, ఇది చెప్పొద్దులెండి అని చెవిలో అన్నా, అదీ చెప్తాను. వంద దయ్యాలంటేనో అంది పెద్దమ్మ. వందా చెప్తాను అందావిడ. అబ్బో. అయితే ఇవాళ జాగ్రత్తగా ఉండాలి, ఎన్నంటే అన్నీ లోపలికి పోతాయన్నమాట, వడపోసేవాళ్ళు లేరు.

గది చిన్నది, బల్ల పెద్దది. జడ్జిగారికి జలుబు చేసినట్టుంది, మెళ్ళో మఫ్లరు, చేతి దగ్గర ఫ్లాస్కు. పిల్లల ఆఫీసావిడ ఎదురుగా. బఠాణీతో ముందే మాట్లాడేశారట, నడవా చివరి గదిలో బొమ్మలిచ్చి కూర్చోబెట్టారట. దుబాసమ్మ పెద్దమ్మ కుడి చెవి దగ్గరికి కుర్చీ జరుపుకుంది. వాళ్ళు మాట్లాడుతుంటే గుసగుసగా హిందీ చెవిలో పడుతోంది, సన్నగా, నూలు పోగులాగా, అరే, హిందీ ఇంత మెత్తగా కూడా ఉంటుందా, ఇన్నేళ్ళూ మిషన్ల మధ్య బతికి ఈ సంగతి తెలియనేలేదు. పిల్ల ఎక్కడ పడుకుంటుంది అన్నాడు జడ్జిగారు. మా ఇల్లు రాజుగారి కోట అందామనుకుంది, అంటే అదే చెప్తుందీవిడ, ఆయనొచ్చి చూస్తాడు. "రెండు గదులు" అంది. "కిటికీ పక్క మంచం ఆ పిల్లది. రైలు పోతే కిటికీ అద్దం గడగడలాడుద్ది. ఆ రైలుకి గుడ్‌నైట్ చెప్తే గానీ నిద్రపోదు." పక్కనున్న దుబాసమ్మ జర్మన్‌లో ఏదో అంది, జడ్జిగారు ఆవిడ వైపు చూడనే లేదు, పెద్దమ్మనే చూస్తూ తల పంకించాడు. భలే, నిజంగానే ఈవిడ లేదు! మీరు పనికెళ్తే బడి నుంచి ఎవరు తీసుకొస్తారంటే, మా ఆయన పొద్దున్నే పోయి మధ్యాహ్నానికొస్తాడు, ఆయన తీసుకొస్తాడు అంది. మాట్లాడడు గానీ తీసుకొస్తాడు అంది. అదీ పోయింది జర్మన్‌లోకి. పెదనాన్న కుర్చీలో కదిలాడు.

అప్పుడు పిల్లల ఆఫీసావిడ మాట్లాడింది. పెద్దమ్మ మంచిదని తెలుసు. ఇల్లూ శుభ్రంగా ఉంది. మా అభ్యంతరమల్లా ఒకటే. ఆ ఇంట్లో తొమ్మిదేళ్ళ పిల్ల దుబాసీ పని చేస్తోంది. డాక్టర్లతో, ఓనర్లతో, ఆఫీసులతో. పెద్దవాళ్ళ మాటలన్నీ ఆ పిల్ల నోట్లోంచి పోతున్నాయి. తల్లి ఇక బతకదనే మాట కూడా ఆ పిల్ల చేతే చెప్పించారు. గుసగుస ఆగింది. మొదటి వాయిదాలో బాబాయి ఉండుంటే ఈ మాట అప్పుడే చెవిన పడేదేమో, పడలేదు, ఇప్పుడు పడింది, ముడత లేని హిందీలో, ఎక్కడా తప్పించుకోడానికి చోటు లేకుండా. ఎదుటి మొహం మీద కోపం లేదు, పెద్దమ్మ వెతికింది, లేదు. పైగా జాలిగా ఉంది, అదింకా కష్టంగా ఉంది. మురిపెం అనుకున్నాను కదా, వీధంతా చెప్పుకుని తిరిగాను కదా, బల్ల అంచు పట్టుకుని వేళ్ళ మీద నించున్న పిల్ల, ఎర్ర కోటు, తిరుగుతున్న గుండీ, ఆ గుండీ వెనక అంత పెద్ద మాట, చెప్పాలా వద్దా, ఎలా చెప్పాలి, ఎవరినడగాలి, దాని పక్కన ఇలా పొడుగాటి మనిషెవరూ లేకపోయె. ఏమంటారు అన్నాడు జడ్జిగారు.

పెద్దమ్మ గొంతు పెంచబోయింది, పైకి రాలేదు. కిందనే వచ్చాయి మాటలు, వింతగా, మెల్లగానే వచ్చాయి హిందీలో. "ఆ మాట పిల్ల నాకు చెప్పలేదండి" అంది. "అమ్మ నిద్రపోతోందంది. నాకు తెలిసిపోయింది. నాకు తెలిసిపోయిందని దానికీ తెలుసు. ఇద్దరం ఆ రోజంతా మెల్లగా నడిచాం, వాళ్ళమ్మ నిజంగానే నిద్రపోతున్నట్టు." దుబాసమ్మ ఆ మాటల్ని అంతే మెల్లగా జర్మన్‌లో అంది. "ఇప్పుడైతే ఆస్పత్రులకి కూడా మనుషులొస్తారని తెలుసు. అప్పుడు తెలీదు. ఇక మీదట అది మా కోసం ఒక్క మాట మోయదు. డాక్టరొస్తే ఆ మనుషుల్ని పిలుస్తాను, దొరక్కపోతే ఇల్లిల్లూ తిరుగుతాను, ఈవిడ కోసం లాయరమ్మ తిరిగినట్టు. కొట్లో మాటలు నేనే నేర్చుకుంటాను. లాండ్రీ పక్క వీధిలో సాయంత్రం జర్మన్ బడి ఉంది, ఆ వాయిదా పాడయ్యాక పేరిచ్చాను, మంగళవారం నుంచి. పిల్ల పిల్లలాగా ఉంటుంది. అల్లరి చేస్తే మేష్టరు తిట్లు నేనే సొంతంగా అర్థం చేసుకుంటాను." జడ్జిగారి నోటి కొసన ఏదో కదిలింది. జలుబు కాదది. పిల్లల ఆఫీసావిడ కలం కింద పెట్టి, పెద్దమ్మ వైపు చూసి, బడి ఎక్కడో అడిగింది, ఉపాధ్యాయిని పేరడిగింది, తనకి తెలిసినావిడేనంది. జడ్జిగారు కాసేపు ఫ్లాస్కు మూత తిప్పాడు. మాట్లాడాడు. చెవిలో గుసగుస, నూలు పోగు, "నేను ఈ పిల్లని మీకు అప్పగిస్తున్నాను. ఈ రోజు నుంచే."

నేనంటే ఎవరు. ఆడమనిషి గొంతు, చెవి పక్కన, అంత దగ్గరగా, మెల్లగా. జడ్జిగారని తెలుసు పెద్దమ్మకి, తెలుసు గానీ ఒక్క క్షణం ఆయనని కానివ్వలేదు, చెల్లెల్నే అననిచ్చింది. తర్వాత లేచింది. జడ్జిగారి మాట ఇంకా పూర్తి కాలేదు, వాక్యం మధ్యలో ఉన్నాడాయన, కుర్చీ కిర్రుమంది, పెదనాన్న చెయ్యి పట్టుకోబోయాడు, అందలేదు. తలుపు, నడవా, అద్దంలాంటి నేల, జారుతుందేమో, జారనీ. వెనక బురద బూట్లు టకటకలాడుతూ వస్తున్నాయి, ప్రమాణం చేసిన మనిషి కదా పాపం, ఒక్క మాట కూడా కింద పడనివ్వదు, జడ్జిగారు లోపల అంటున్నవన్నీ గుమ్మంలో లాయరమ్మ దగ్గర విని, ఇటు పరిగెత్తుతూ, ఆయాసపడుతూ అందిస్తోంది. "బళ్ళో పేరు... మార్పించాలి... ఆఫీసు నుంచి ఒకరు..." చివరి గది తలుపు తీసే ఉంది. బఠాణీ నేల మీద కూర్చుని బొమ్మ ఇంటికి కప్పు పెడుతోంది, కప్పు సరిగ్గా కూర్చోవడం లేదు, నాలుక బయటపెట్టి మరీ పెడుతోంది. తలెత్తింది. ఏమైందని అడగలేదు, పెద్దమ్మ మొహంలోకి చూసి, కప్పు పక్కన పడేసి లేచింది.

"...వారం వారం ఒకరు మీ ఇంటికొచ్చి చూసి వెళ్తారు," అంది దుబాసమ్మ, గుమ్మం పట్టుకుని.

"రమ్మనండి" అంది పెద్దమ్మ, పిల్ల నెత్తి మీద గడ్డం ఆనించి. "రోజూ రమ్మనండి."